మాత్రలు ఎక్కడ దాచాలన్నది తర్వాత, ముందు అబ్బాయితో మాట్లాడండి అక్కా

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. చెన్నై విల్లివాక్కంలో కొడుకు, కోడలు, మనవడితో ఉంటున్నాను. నాకు 62 ఏళ్లు. మా ఆయన 2005లో పోయారు, అప్పుడే నాకూ హెచ్‌ఐవీ ఉందని తెలిసింది. 2006 నుంచి తాంబరం ఆసుపత్రిలో మందులు తీసుకుంటున్నాను. షుగర్ కూడా ఉంది. కొడుక్కి నా సంగతి తెలుసు కానీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. కోడలికి తెలియదు. 2020 లాక్‌డౌన్‌లో రైళ్లు లేక తాంబరం వెళ్లలేకపోయాను. ఉన్న మాత్రలు రోజు విడిచి రోజు వేసుకున్నాను, అవీ అయిపోయాక ఇరవై రోజులు ఏమీ వేసుకోలేదు. ఇంటినిండా మనుషులు, మాత్ర వేసుకోవాలంటే బాత్‌రూమ్‌లోకి వెళ్లేదాన్ని. అప్పటినుంచి బయటికి పోవడం తగ్గిపోయింది, నిద్ర పట్టదు, మతిమరుపు. టీవీలో కొత్త వైరస్ అంటే చాలు, గుండె దడ. మళ్లీ అంతా మూసేస్తే నా గతేంటి? అప్పుడు మానేసినందుకు లోపల ఏమైనా అయిందా? కోడలికి చెప్పాలా? మనవడిని ఎత్తుకోవాలన్నా భయంగా ఉంటుంది.
– పేరు వద్దు, చెన్నై

జవాబు:

అక్కా, ముందు మనవడి సంగతి చెప్పేస్తాను. ఉత్తరం చివర ఒక్క ముక్కలో రాసి వదిలేశారు గానీ మిమ్మల్ని ఎక్కువగా తినేస్తున్నది అదేనని నాకనిపించింది. ఎత్తుకోండి. ముద్దు పెట్టుకోండి. మీ కంచంలోనే అన్నం కలిపి మీ చేత్తో ముద్దలు పెట్టండి. ఎంగిలి వల్ల, చెమట వల్ల, దగ్గు వల్ల, ఒకే దుప్పటి కప్పుకున్నందువల్ల, ఒకే బాత్‌రూమ్ వాడినందువల్ల హెచ్‌ఐవీ రాదు. పైగా రోజూ మందు వేసుకుంటూ, రక్తపరీక్షలో వైరస్ కనిపించనంతగా తగ్గిపోయి అలాగే ఉన్నవాళ్ల నుంచి శారీరక సంబంధం వల్ల కూడా జబ్బు అంటదని ఇప్పుడు ప్రపంచమంతా ఒప్పుకున్న మాట. మనవడికి గోరుముద్దలు పెడితే ఏమవుతుంది? వాడి కడుపు నిండుతుంది. ఒకే ఒక్క జాగ్రత్త, షుగర్ చూసుకునే సూది ఎవరితోనూ పంచుకోకండి, వాడినదాన్ని మీరే పారేయండి. అది షుగర్ ఉన్న ఎవరికైనా చెప్పే మాటే.

ఇక మీ ఇరవై రోజుల సంగతి. అప్పట్లో హెచ్‌ఐవీ మందులిచ్చే ప్రభుత్వ సెంటర్లలో (ఏఆర్‌టీ సెంటర్లంటారు) ఎక్కువమందికి ఎఫావిరెంజ్ కలిసిన మాత్ర ఇచ్చేవారు, రాత్రి పడుకునే ముందు వేసుకోమనేవారు, మీరూ అదే వేసుకుని ఉంటారు. ఆ మాత్రలో మూడు మందులుంటాయి. మానేసినప్పుడు రెండు తొందరగా ఒంట్లోంచి పోతాయి, ఎఫావిరెంజ్ మాత్రం చాలా రోజులు రక్తంలో మిగిలిపోతుంది. అంటే ఆ రోజుల్లో వైరస్‌తో ఒక్క మందే పోరాడుతోందన్నమాట. అలాంటప్పుడే వైరస్ ఆ మందుకు లొంగకుండా తయారయ్యే వీలుంది. రోజు విడిచి రోజు వేసుకోవడంలోనూ ఇదే ప్రమాదం. లాక్‌డౌన్‌లో చాలామంది ఇలాగే చేశారు, ఇంట్లో బియ్యం తక్కువైతే పొదుపుగా వండుకునే మనుషులం కదా, మాత్రలనూ అలాగే పొదుపు చేశారు. చెయ్యకూడదు. సగం మందు వైరస్‌ను అణచదు, పైగా దానికి తర్ఫీదు ఇస్తుంది. మళ్లీ ఎప్పుడైనా మాత్రలు తగ్గుతున్నాయనిపిస్తే రోజూ వేసుకునేది వేసుకుంటూనే, డబ్బాలో పదిహేను ఉండగానే ఫోన్లు మొదలుపెట్టాలి.

అయితే భయపడాల్సిన పని ఉందో లేదో మీ ఇంట్లోనే రాసి ఉంది. సెంటర్‌లో మీ మందులు, పరీక్షల వివరాలు రాసిచ్చే గ్రీన్ బుక్ తీసి చూడండి. 2020 తర్వాత వైరల్ లోడ్ పరీక్ష, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసేది, చేసి ఉంటారు, ఏడాదికోసారి చేయాలి. అక్కడ టీఎన్‌డీ అని గానీ, టార్గెట్ నాట్ డిటెక్టెడ్ (వైరస్ కనబడలేదు) అని గానీ రాసి ఉంటే ఆ ఇరవై రోజుల బాకీ తీరిపోయినట్టే లెక్క. ఇప్పుడు మీరు వేసుకుంటున్నది టీఎల్‌డీ అనే మాత్ర అయి ఉండాలి, అందులో డోలుటెగ్రావిర్ అనే మందు ఉంటుంది. పాత మందుకు లొంగని వైరస్ కూడా దీనికి సాధారణంగా లొంగుతుంది, దీన్ని ఎదిరించడం వైరస్‌కు అంత తేలిక కాదు. ఒకవేళ ఏడాదిగా పరీక్ష చేయించుకోలేదంటే మాత్రం ఈసారి వెళ్లినప్పుడు నోరు తెరిచి అడగండి. వాళ్లు చేస్తారులే అని ఊరుకోవద్దు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నేను డాక్టర్ని కాదు, ఈ జబ్బుతో బతుకుతున్నవాళ్ల పక్కన కూర్చుని వాళ్లు చెప్పేది విన్నదాన్ని. లాక్‌డౌన్ కష్టాల గురించి ఎవరు చెప్పినా రైళ్లు లేవు, ఆసుపత్రులు కోవిడ్ వార్డులయ్యాయి అనే మొదలుపెడతారు. అవన్నీ నిజమే. కానీ వయసు మళ్లిన ఆడవాళ్లు నాతో చెప్పుకున్నది ఎక్కువగా వేరే సంగతి, గుట్టు దాచుకునే చోటు పోయింది అని. మామూలు రోజుల్లో కొడుకు ఆఫీసుకు, కోడలు పనికి, పిల్లాడు బడికి పోతారు. ఇల్లు ఖాళీ. మాత్ర వేసుకోవచ్చు, డబ్బా మీద కాగితం చింపి పారేయొచ్చు, గుడికెళ్లొస్తానని చెప్పి తాంబరం పోయి రావచ్చు. మార్చి 25న అంతా ఇంట్లో కూర్చునేసరికి ఆ సందులన్నీ మూసుకుపోయాయి. రాత్రి తొమ్మిదింటికి రోజూ ఎందుకు లేస్తున్నావని ఎవరో ఒకరు అడుగుతారు. బ్యాగులో డబ్బా గలగలమంటుందని దూది కుక్కినవాళ్లున్నారు. పోలీసు ఆపి ఎక్కడికని అడిగితే చూపించాల్సిన కాగితం కూడా ఆ గ్రీన్ బుక్కే. దాన్ని రోడ్డు మీద పదిమంది ముందు తియ్యడం కన్నా మందు మానేయడమే నయమనుకున్నారు కొందరు. వాళ్లను తప్పు పట్టడం నావల్ల కాదు.

మీరు తాంబరమే ఎందుకు వెళ్తున్నారో కూడా నాకు అర్థమవుతుంది. 2004 ఏప్రిల్ 1న దేశంలో ఉచితంగా ఈ మందులు ఇవ్వడం మొదలైనప్పుడు మొట్టమొదటి సెంటర్లలో తాంబరం ఒకటి. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి రాత్రి బస్సెక్కి వచ్చి తీసుకెళ్లినవాళ్లు చాలామంది. ఆ నమ్మకం ఒకటి. రెండోది, అది దూరం. విల్లివాక్కంలో రైలెక్కి, సెంట్రల్ దగ్గర దిగి, రోడ్డు దాటి పార్క్ స్టేషన్‌లో లోకల్ పట్టుకుని శానటోరియం స్టేషన్‌లో దిగేదాకా తెలిసిన మొహం ఒక్కటీ కనబడదు. ఇంటికి దగ్గర్లో కీల్పాక్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉన్నా అటు వెళ్లకపోవడానికి అదేగా కారణం? దూరం మిమ్మల్ని ఇన్నేళ్లు కాపాడింది. ఆ 2020 జూన్‌లో, చెన్నైనీ చుట్టుపక్కల జిల్లాలనూ 19వ తేదీ నుంచి మళ్లీ గట్టిగా బిగించినప్పుడు, అదే దూరం మిమ్మల్ని మందులకు దూరం చేసింది.

నిజానికి అప్పుడు దారి ఉండింది, మీదాకా చేరలేదు. లాక్‌డౌన్ మొదట్లోనే జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఏఆర్‌టీ సెంటర్లకు చెప్పింది, ఆరోగ్యం నిలకడగా ఉన్నవాళ్లకు మూడు నెలల మందులు ఒకేసారి ఇవ్వమని, ఎక్కడో చిక్కుకుపోయినవాళ్లు దగ్గర్లోని ఏ సెంటర్‌కు వచ్చినా మందులు ఇవ్వమని. మనిషి రాలేకపోతే ఇంట్లోవాళ్ల చేతికి ఇచ్చిన సెంటర్లున్నాయి, వాలంటీర్లు తెచ్చి ఇచ్చిన చోట్లూ ఉన్నాయి. కానీ ఇదంతా జరగాలంటే మీకు ఫోన్ రావాలి, ఆ ఫోన్ మీరు ఎత్తగలగాలి, పక్కన ఎవరున్నా మాట్లాడగలగాలి. సెంటర్‌లో మీరిచ్చిన నంబర్ ఎవరిది? చాలామంది పాత నంబరో, తప్పు నంబరో ఇచ్చి ఉంటారు, ఇంట్లో ఎవరైనా ఎత్తుతారన్న టెన్షన్‌తో. ఈసారి వెళ్లినప్పుడు అది సరిచేయించండి. మీ నంబరుతో పాటు అబ్బాయి నంబరు కూడా రాయించండి.

అందుకే అబ్బాయితో మాట్లాడమంటున్నాను. తెలుసు, కానీ మాట్లాడుకోలేదు అని రాశారు. అక్కా, అలాంటి తెలియడం కష్టకాలంలో అక్కరకు రాదు. అమ్మకు ఏదో జబ్బుందని తెలిసిన కొడుకు మందుల షాపు దాకా వెళ్లగలడు గానీ ఏమని అడుగుతాడు? మీ మందు పేరేంటో, మీరు ఏ సెంటరో, మీ రిజిస్ట్రేషన్ నంబరెంతో వాడికి తెలియాలి. తండ్రి పోయినప్పుడు వాడు ఏ వయసులో ఉన్నాడో, ఎంత చూశాడో, ఎంత మింగాడో, వాడూ ఇన్నేళ్లుగా ఎలా అడగాలో తెలియక ఊరుకుని ఉండొచ్చు. పెద్దగా ఉపోద్ఘాతం ఏమీ వద్దు. ఇద్దరే ఉన్న పూట, మేడ మీద బట్టలు తీయడానికి రమ్మని పిలిచి, "నాన్న పోయినప్పటినుంచి నేను వేసుకుంటున్న మందులు నాకేమైనా అయితే నువ్వే తేవాలి, ఈ పుస్తకం మొదటి పేజీ ఫోటో తీసుకో" అనండి. ఏడుపొస్తే ఏడవండి ఇద్దరూ. ఫోటో మాత్రం తీయించండి.

కోడలి విషయంలో నేను తొందరపెట్టను. చెప్పి తీరాల్సిన పని మీకు లేదు, మీవల్ల ఆమెకు గానీ బిడ్డకు గానీ ప్రమాదం లేదు. చెప్పినందువల్ల బతుకు తేలికైనవాళ్లను చూశాను, చెప్పాక కంచం వేరు చేయబడినవాళ్లనూ చూశాను. ఆమె ఎలాంటి మనిషో మీకూ అబ్బాయికీ తెలుస్తుంది. చెప్పాలనుకుంటే కోపాల్లోనో, జ్వరాల్లోనో, అంతా ఇంట్లో ఇరుక్కున్న రోజుల్లోనో కాదు, ప్రశాంతంగా ఉన్నప్పుడు, వీలైతే సెంటర్‌లో కౌన్సెలర్ ముందు చెప్పండి. ఆమెకు పుట్టే సందేహాలకు అక్కడికక్కడే జవాబు దొరుకుతుంది, ఆ బరువు మీ మీద పడదు. మీ అనుమతి లేకుండా మీ సంగతి బయటపెట్టే హక్కు ఎవరికీ లేదు, 2017 నాటి హెచ్‌ఐవీ ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. హెచ్‌ఐవీ ఉందని వైద్యం నిరాకరించడం కూడా ఆ చట్టం ప్రకారం నేరుగా వివక్షే.

గుట్టు దాచకూడని చోటు మాత్రం ఒకటుంది. మీ షుగర్ డాక్టర్‌కు హెచ్‌ఐవీ మందుల సంగతి చెప్పారా? ఉత్తరంలో లేదు, చెప్పి ఉండరనే అనుకుంటున్నాను. చాలామంది చెప్పరు. డోలుటెగ్రావిర్ వేసుకుంటే మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు రక్తంలో మామూలు కన్నా ఎక్కువ చేరుతుంది, అందుకే ఈ రెండూ వాడేవాళ్లకు మెట్‌ఫార్మిన్ సాధారణంగా రోజుకు 1000 మిల్లీగ్రాములు దాటనివ్వరు. ఆ డాక్టర్‌కు తెలియకపోతే షుగర్ తగ్గలేదని మోతాదు పెంచుకుంటూ పోతారు. గ్యాస్ అని జెలూసిల్, డైజీన్ లాంటివి తాగుతారా? వాటిలోని అల్యూమినియం, మెగ్నీషియం డోలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వవు. అవి తాగడానికి కనీసం రెండు గంటల ముందు గానీ, తాగిన ఆరు గంటల తర్వాత గానీ హెచ్‌ఐవీ మాత్ర వేసుకోవాలి. కాల్షియం, ఐరన్ మాత్రలైతే అన్నంతో పాటు వేసుకుంటే రెండూ కలిపి వేసుకోవచ్చు, ఖాళీ కడుపున మాత్రం వద్దు. టీఎల్‌డీలోనే ఉండే టెనోఫోవిర్ కిడ్నీలను, ఎముకలను దెబ్బతీయొచ్చు, షుగర్ కూడా కిడ్నీలనే దెబ్బతీస్తుంది, కాబట్టి క్రియాటినిన్ పరీక్ష వదలకండి. గుండె సంగతి కూడా అడగండి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో గుండెజబ్బు కాస్త ఎక్కువే, పిటావాస్టాటిన్ అనే కొవ్వు తగ్గించే మాత్ర గుండెపోటు, పక్షవాతం లాంటివి మూడో వంతుకు పైగా తగ్గించిందని 2023లో ఒక పెద్ద పరిశోధన తేల్చింది. మీకు అలాంటిది అవసరమా కాదా అన్నది డాక్టర్ చూస్తారు, మీరు అడిగితేనే.

నిద్ర గురించి. మీకు మందు మార్చి టీఎల్‌డీ ఇచ్చాక కూడా పాత అలవాటు కొద్దీ రాత్రిపూటే వేసుకుంటున్నారేమో చూడండి. డోలుటెగ్రావిర్ కొంతమందికి నిద్ర చెడగొడుతుంది, అలాంటివాళ్లను పొద్దున వేసుకోమంటారు. కౌన్సెలర్‌ని అడిగి పొద్దుటికి మార్చుకుంటే రెండు లాభాలు, నిద్ర కుదురుకోవచ్చు, అందరూ ఎవరి హడావిడిలో వాళ్లుండే వేళకు మీ మాత్ర పని అయిపోతుంది. మాత్రల డబ్బా బాత్‌రూమ్‌లో పెట్టకండి, చెమ్మకు పాడవుతాయి. వేరే సీసాలోకి మార్చాల్సి వస్తే లోపలున్న చిన్న పొట్లం కూడా దాంట్లో వేయండి, ఆ సీసా పిల్లాడి చేతికి అందనివ్వకండి.

మతిమరుపు అనగానే జబ్బు మెదడుకెక్కిందని హడలిపోవద్దు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గిపోవచ్చు, దానివల్ల మతిమరుపు, కాళ్ల మంటలు రెండూ వస్తాయి. ఒక రక్తపరీక్షతో తేలిపోతుంది, మందూ ఉంది. థైరాయిడ్ కూడా చూపించుకోండి. మీలా 2006లో మొదలుపెట్టినవాళ్లలో చాలామంది స్టావుడిన్ అనే పాత మందు వాడారు, బుగ్గలు పీక్కుపోవడం, అరికాళ్లు మండడం దాని పనే, ఇప్పుడు అది వాడటం లేదు. ఇవన్నీ కాక, సరిగా నిద్రపోని మనిషికి, రోజంతా నలుగురితో మాట్లాడని మనిషికి ఏదీ గుర్తుండదు. లాక్‌డౌన్ ఎత్తేసి ఇన్నేళ్లయినా మీకింకా ఎత్తేయలేదు, నాకు బాధేసింది అది చదివి. సాయంత్రం అరగంట వీధిలోకి వెళ్లండి, వీధి ఇష్టం లేకపోతే మేడ మీదే నడవండి. కాళ్లలో బలం పోతే ఈ వయసులో తిరిగి తెచ్చుకోవడం కష్టం. మనసు మరీ కుంగితే 14416కు ఫోన్ చేయండి, అది టెలీ మానస్ అని మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన నంబరు, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులేమీ అడగరు. మీలాంటి ఆడవాళ్లను కలవాలనిపిస్తే హెచ్‌ఐవీ ఉన్న ఆడవాళ్ల సంఘం పాజిటివ్ విమెన్ నెట్‌వర్క్ 1998లో పుట్టింది మన చెన్నైలోనే, కౌన్సెలర్‌ని అడిగితే ఎలా కలవాలో చెప్తారు.

కొత్త వైరస్ ఏదైనా వస్తే హెచ్‌ఐవీ ఉన్నవాళ్లంతా పోతారని లేదు. కోవిడ్‌లో చూశాం, మందులు సరిగా వేసుకుని వైరస్ అదుపులో ఉన్నవాళ్లు చాలామంది బాగానే గట్టెక్కారు. ఎక్కువ భయం వయసు వల్ల, షుగర్ వల్ల, మందులు ఆగిపోయినందువల్ల. టీకా ఇస్తున్నారంటే ఆలస్యం చేయకండి. 2021 మార్చి 1న 45 దాటి ఇతర జబ్బులున్నవాళ్లకు కోవిడ్ టీకా మొదలుపెట్టినప్పుడు ఆ జాబితాలో హెచ్‌ఐవీ కూడా ఉంది, కానీ ఆ సర్టిఫికెట్ పట్టుకుని లైన్లో నిలబడలేక, ఏప్రిల్‌లో 45 దాటినవాళ్లందరికీ అనేదాకా ఆగినవాళ్లు నాకు తెలుసు. మీకిప్పుడు 62, వయసు చెప్పి తీసుకోవచ్చు, జబ్బు పేరు ఎవరికీ చెప్పక్కర్లేదు.

మళ్లీ అంతా మూసేస్తారన్న మాట వినబడితే ఆ రోజే 1097కు ఫోన్ చేయండి. హెచ్‌ఐవీ వాళ్లకోసం ప్రభుత్వం పెట్టిన ఉచిత నంబరు, దగ్గర్లో ఏ సెంటర్ తెరిచి ఉందో చెప్తారు. దానికి ముందే, మందులకు వెళ్లే ఈ విడతే, అబ్బాయిని తాంబరం వెంటబెట్టుకెళ్లి కౌన్సెలర్‌కు చూపించండి, మూడు నెలల మందులు ఒకేసారి ఇస్తారేమో అడగండి, నేను రాలేకపోతే వీడి చేతికి ఇస్తారా, కీల్పాక్‌లో తీసుకోవాల్సి వస్తే ఏం చేయాలి అని ముందే మాట్లాడి పెట్టుకోండి. షుగర్ చీటీలన్నీ పట్టుకెళ్లండి. వైరల్ లోడ్ ఎంత వచ్చిందో నాకు రాయండి.